జులై వానల్లో శ్రీలంక: టికెట్లు రద్దు చేయకండి, దారి తిప్పండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చెన్నై వేళచ్చేరిలో ఉంటారు. జులై రెండో వారంలో మీరూ, మీ శ్రీమతీ, అరవై మూడేళ్ల మీ అమ్మగారూ కలిసి పది రోజులు శ్రీలంక తిరిగి రావాలని విమానం టికెట్లు కొనేశారు. ప్యాకేజీ లేదు, గైడు లేడు. ఇప్పుడేమో ఆఫీసులో అందరూ "అక్కడ అది వానాకాలం, డబ్బంతా నీళ్లపాలు" అని భయపెడుతున్నారు. మీరు వేసుకున్న దారి: కొలంబో, గాలె, మిరిస్స, నువర ఎలియ, ఎల్ల, క్యాండీ. రద్దు చేసుకోవాలా, వద్దా?

రద్దు చేసుకోకండి. ఆ దారిని మాత్రం పక్కన పడేయండి. మీరు రాసిన వరుస జనవరిలో వెళ్లేవాళ్లది. జులైలో దాన్నే పట్టుకుని వెళితే ఆఫీసువాళ్ల మాట అక్షరాలా నిజమవుతుంది. దంబుల్ల, సిగిరియ, అనురాధపురం, ట్రింకోమలీ చూసుకుని, తర్వాత కొండలకు తూర్పు వాలున ఉన్న ఎల్ల, బండారవెలకు వెళ్లండి. ఆ వైపు జులైలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఎండే. నవ్వులాటకు అనడం లేదు, దాని సంగతి కింద రాస్తాను.

నేనెవరో చెప్పాలి కదా. పెరంబూరులో ఉంటాను. తేయాకు ఫ్యాక్టరీల్లో ఆకు ఆరబెట్టే యంత్రాలకు మరమ్మతులు చేయడం నా వృత్తి. 2012 నుంచి ఏడాదికి ఒకటి రెండు సార్లు శ్రీలంక వెళ్లి వస్తున్నాను. యంత్రం చెడిపోవడానికి ముహూర్తం ఉండదు కాబట్టి పన్నెండు నెలల్లో నేను అక్కడ అడుగు పెట్టని నెల లేదు. పని అయిపోయాక మూడు నాలుగు రోజులు మిగుల్చుకుని ఎర్ర బస్సుల్లో తిరగడం అలవాటైపోయింది. నిండా తడిసినవాడి అనుభవం అనుకుని చదవండి.

చెన్నైలో ఉండేవాళ్లకు ఈ సంగతి సులువుగానే అర్థం కావాలి. జూన్, జులైలో కొచ్చిలో కుండపోతగా కురుస్తుంటే మనం ఇక్కడ చెమటలు కక్కుతూ ఉంటాం. మన వాన అక్టోబరులో మొదలవుతుంది. మధ్యలో పడమటి కనుమలు అడ్డం ఉండటమే కారణం. శ్రీలంకలో సరిగ్గా ఇదే ఏర్పాటు చిన్న కొలతలో ఉంది. దీవి నడిబొడ్డున కొండలు. వాటిలో ఎత్తైనది పిదురుతలాగల, 2,524 మీటర్లు. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వచ్చి ఆ కొండల పడమటి ముఖాన్ని కొడుతుంది. నీరంతా అక్కడే దించేసి, పొడిగాలిగా మారి తూర్పు వైపు దిగుతుంది. పడమటి వాలులో కొన్ని తోటల్లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హంబన్‌తోట, మన్నార్ చుట్టుపక్కల వెయ్యి దరిదాపులకు చేరడమే గగనం. ఇంత చిన్న దీవిలో కొచ్చీ ఉంది, చెన్నైయీ ఉంది. డిసెంబరు, జనవరి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ట్రింకోమలీ తడుస్తుంది, మిరిస్స ఎండలో మెరుస్తుంది.

అందుకే "శ్రీలంకలో వానాకాలం ఎప్పుడు" అని అడిగినవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ ఊళ్లో?

ఒక్క మినహాయింపు ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో దీవి అంతటా వాన పడుతుంది. రెండు రుతుపవనాల మధ్య కాలం అది. మధ్యాహ్నం దాటితే ఉరుములు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాటిలో కొన్ని తుపానులు. మీరు నవంబరు అని అడిగి ఉంటే ఈ జవాబు "వద్దు" అన్న ఒక్క మాటతో ముగిసేది. 2025 నవంబరు చివర దిత్వా తుపాను ఆ దేశంలో వందల మందిని పొట్టన పెట్టుకుంది. కొండచరియలు విరిగి ఊళ్లకు ఊళ్లు పూడిపోయాయి, కొండ రైలు మార్గం చాలాచోట్ల తెగింది. తర్వాత అదే మన వైపు వచ్చి చెన్నైని ముంచింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రెండు నెలల్లో అదృష్టం మీద ఆధారపడి కుటుంబంతో వెళ్లే పని పెట్టుకోకూడదు.

ఇక జులైకి వద్దాం. తేయాకు ఫ్యాక్టరీలో పై అంతస్తున, కోసిన ఆకును పొడవాటి తొట్లలో పరిచి వాడబెడతారు. పచ్చి ఆకు కొంత నీరు వదిలి మెత్తబడితే తప్ప రోలరు కిందికి పంపలేరు. జులైలో పడమటి వాలున ఉన్న హట్టన్ వైపు ఫ్యాక్టరీలో ఉంటే కిటికీ బయట తెల్లటి మంచు, ముట్టుకుంటే గోడ తడి. ఆకు ఎంతకూ వాడదు. వేడిగాలి పంపాలి, పొయ్యిలో కట్టె మండుతూనే ఉండాలి, అప్పుడే నాకు కబురు వస్తుంది. అదే వారం బండారవెల వైపు వెళితే పొడి గాలి ఈలలు వేస్తూ ఉంటుంది, ఆకు తనంతట తానే ముడుచుకుపోతుంది. బండారవెల, బదుళ్ల ఉన్న ఆ తూర్పు ప్రాంతాన్ని ఊవా అంటారు. ఊవా తేయాకు రుచికి పేరు పడింది జులై నుంచి సెప్టెంబరు దాకా వీచే ఆ గాలివల్లే. తూర్పున తమిళులు దాన్ని కచ్చాన్ గాలి అంటారు. తేయాకు కొనేవాళ్ల క్యాలెండరు చూస్తే వాతావరణ శాఖను అడగక్కరలేదు, నువర ఎలియ, పడమటి వాలులోని దింబుల వైపు మేలు రకం వచ్చేది జనవరి నుంచి మార్చి వరకు, ఊవా వైపు జులై నుంచి సెప్టెంబరు వరకు. మీరు కూడా టీ వెనకే తిరగండి.

ఇంకా దగ్గరగా చూపిస్తాను. ఒక ఆగస్టులో నాను ఓయలో బదుళ్ల రైలు ఎక్కాను. నువర ఎలియకు దిగే స్టేషను అది. సన్నటి వాన, చలి, పెట్టెలో అందరూ కిటికీలు దించేసి శాలువాలు కప్పుకున్నారు. నా ఎదుట కూర్చున్న పెద్దావిడ చిన్న పిల్ల చెవులకు దూది పెట్టింది. రైలు పట్టిపొల దాకా ఎక్కుతూనే ఉంది. దాదాపు 1,900 మీటర్ల ఎత్తు, ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన స్టేషను. అది దాటాక ఒక సొరంగం వచ్చింది. చీకటి, డీజిలు వాసన, చక్రాల చప్పుడు. అవతలి మూతి నుంచి బయటపడేసరికి ఎండ. ఏదో మబ్బు తొలగినట్టు కాదు, వేరే దేశంలోకి వచ్చినట్టు. లోయ అంతా ఎండుగడ్డి రంగు, దూరాన దక్షిణ మైదానం. పెద్దావిడ ఏమీ జరగనట్టు లేచి కిటికీ ఎత్తింది, పిల్ల చెవుల్లోని దూది తీసి కొంగున ముడివేసుకుంది. ఆమెకు అది రోజూ ఉండే వ్యవహారమే. ప్రతిసారీ ఇంత నాటకీయంగా ఉంటుందని మాట ఇవ్వను, కానీ తడి వైపుకూ పొడి వైపుకూ హద్దు ఉన్నది అక్కడే.

ఆ కొండ రైలు గురించి ఒక హెచ్చరిక. దిత్వా తర్వాత ఏ భాగం నడుస్తోంది, ఏది ఆగింది అన్నది బయలుదేరే వారం ముందు శ్రీలంక రైల్వే ప్రకటనలో చూసుకోండి. నడుస్తుంటే రిజర్వు సీట్లు ముప్ఫై రోజుల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. దొరకకపోతే దిగులు వద్దు. రెండో తరగతి, మూడో తరగతి మామూలు టికెట్లు ఆ రోజే కౌంటరులో ఇస్తారు. ఎల్ల నుంచి దెమోదర దాకా పోయి రండి చాలు, తొమ్మిది కమానుల వంతెన, కొండ చుట్టూ తిరిగి తన కిందికే దూరే పట్టాలు రెండూ ఆ కాస్త దూరంలోనే ఉన్నాయి. అమ్మగారిని పది గంటలు మూడో తరగతిలో నిలబెట్టి "ప్రపంచంలోకెల్లా అందమైన రైలు ప్రయాణం" చేయించనక్కరలేదు.

మీ స్థానంలో నేనైతే ఇలా వెళ్తాను. కొలంబో విమానాశ్రయం ఉన్నది కటునాయకలో, నగరానికి ఉత్తరాన. నగరంలోకి అడుగు పెట్టకుండా నేరుగా దంబుల్ల వెళ్లిపోండి. ఈ ఒక్కచోట బస్సు పట్టుదలకు పోకుండా కారు మాట్లాడుకోండి. దంబుల్లలోనో సిగిరియలోనో మూడు రాత్రులు. ఒక రోజు అనురాధపురం వెళ్లి రావచ్చు. సాయంత్రం పూట మిన్నేరియ అడవికి వెళ్లండి. జులై నుంచి సెప్టెంబరు దాకా చెరువు నీరు వెనక్కి తగ్గి లేతగడ్డి మొలుస్తుంది, దాని కోసం ఏనుగులు గుంపులుగా దిగుతాయి. ఇది వానాకాలం అని మీవాళ్లు చెప్పే నెలల్లోనే జరుగుతుంది, గమనించండి.

తర్వాత ట్రింకోమలీ రెండు రాత్రులు. దంబుల్ల నుంచి బస్సులో మూడు గంటల లోపే. సముద్రం కావాలంటే జులైలో మీకు దొరికేది ఇక్కడే. మిరిస్స, హిక్కడువ వైపు నైరుతి గాలికి అలలు విరుచుకుపడతాయి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్ర జెండా కట్టి ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. ట్రింకోమలీ పక్కనున్న నిలావెళిలో అదే రోజుల్లో నీళ్లు చెరువులా ఉంటాయి. తిమింగలాలు చూడాలని రాశారు. మిరిస్సలో ఆ కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. జులైలో చూసే అవకాశం ఉన్నది ట్రింకోమలీలోనే, అదీ కనిపిస్తాయన్న హామీ లేకుండా. అమ్మగారికి ఆసక్తి కలిగించేది వేరే ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొట్టమొదట చెప్పుకొనే శాంకరీదేవి కొలువున్నది ఇక్కడి కోణేశ్వరం కొండ మీదే. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు కూల్చి, ఆ రాళ్లతో కోట కట్టుకున్నారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. కొండ అంచున నిలబడితే కింద సముద్రం నిలువునా కనిపిస్తుంది.

ఎండ సంగతి ఇక్కడే. జులైలో ట్రింకోమలీ మన మే నెల లాగానే ఉంటుంది, పైగా పొడిగాలి. గుళ్లలో, స్తూపాల దగ్గర చెప్పులు విప్పాలి. అనురాధపురంలో మధ్యాహ్నం బండల మీద నడిస్తే అరికాళ్లు కాలిపోతాయి. దళసరి మేజోళ్లు పెట్టుకోండి, వాటితో నడవడానికి అభ్యంతరం చెప్పరు. ఉదయం పదింటి లోపు, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే తిరగండి. దారిలో నారింజ రంగు కొబ్బరి బోండాలు కనిపిస్తాయి, తెంబిలి అంటారు. అమ్మగారికి రోజుకు రెండు తప్పకుండా తాగించండి.

ఆ తర్వాత మళ్లీ దంబుల్ల మీదుగా క్యాండీ, ఒక్క రాత్రి చాలు. అక్కడ జల్లు ఉంటుంది, గట్టి వాన కూడా పడవచ్చు. బుద్ధుడి దంతధాతువు గుడి చూసుకోండి. క్యాండీని చివరగా ఏలిన నాయక రాజులు మన దక్షిణం నుంచి వెళ్లినవాళ్లు, తెలుగు మూలాలున్నవాళ్లు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో ఆంగ్లేయులు పట్టుకుని మన వేలూరు కోటలో పెట్టారు, అక్కడే పోయాడు. చెన్నై నుంచి వెళ్లేవాళ్లకు ఇది తెలిసి ఉంటే ఆ ఊరు కాస్త వేరుగా కనిపిస్తుంది. ఇంకో మాట, ఎసల పెరహెర ఊరేగింపు జులై, ఆగస్టులో పౌర్ణమి లెక్కన వస్తుంది. ఆ పది రోజులూ గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి. తేదీలు చూసుకోండి.

క్యాండీ నుంచి ఎల్లకు రెండు దారులు. నువర ఎలియ మీదుగా వెళ్లేది తడి దారి. మహియంగన మీదుగా బదుళ్లకు వెళ్లేది తూర్పు దారి, కొండ దిగే వంకర్లకు పేరు పొందింది. జులైలో నేను రెండోదే ఎంచుకుంటాను. నువర ఎలియ పోయిందని బాధపడకండి. జులైలో అక్కడ హోటలు కిటికీలోంచి మంచు చూస్తూ, తడి దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. ఆ సుఖం కావాలంటే ఊటీ చాలు. ఎల్లలోనో బండారవెలలోనో రెండు రాత్రులు ఉండండి.

తిరుగు ప్రయాణంలో ఎల్ల నుంచి కొలంబోకు బలంగొడ, రత్నపుర మీదుగా దగ్గర దారి ఉంది. వద్దు. రత్నపుర తడి వైపు నట్టనడుమ ఉంది, 2017 మేలో వరదలు, కొండచరియలు ఎక్కువ ప్రాణాలు తీసిన జిల్లాల్లో అదొకటి. వెల్లవాయకు దిగి దక్షిణంగా వెళ్లండి. వీలైతే కదిర్‌గామంలో ఆగండి, జులైలో సాధారణంగా ఉత్సవాల కాలం, అమ్మగారు మురుగన్‌కు దండం పెట్టుకుంటారు. అక్కడి నుంచి మాతర చేరితే ఎక్స్‌ప్రెస్‌వే బస్సులు కొలంబో శివారు మకుంబురకు ఉంటాయి. దూరం ఎక్కువే, కానీ చాలాభాగం పొడి నేల.

ఆఖరి రాత్రి మాత్రం విమానాశ్రయం దగ్గరే పడుకోండి, నెగొంబోలో. ఇది డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం. 2016 మేలో విమానం రోజు ఉదయం క్యాండీ నుంచి బయలుదేరాను. నాలుగు గంటల దారి, ఎనిమిది గంటలు చేతిలో ఉన్నాయి, చాలవా అనుకున్నాను. మావనెల్ల దగ్గర బస్సు ఆగింది. టీ దుకాణంలో ఎవరూ మాట్లాడటం లేదు, రేడియో మోగుతోంది. ముందు రోజు సాయంత్రం అరణాయకలో కొండ జారి ఊరి మీద పడిందట. అక్కడికి ఎంతో దూరం లేదు. కొలంబో చేరువలో కెలని నది పొంగి శివారులన్నీ నీళ్లలో ఉన్నాయి. విమానం వెళ్లిపోయింది. టికెట్టు డబ్బు గురించి ఇంటికి ఫోను చేసి గొణుగుతుంటే, పక్కన కూర్చున్నాయన తన మేనకోడలి ఊరు అదేనని, ఫోను కలవడం లేదని చెప్పాడు. ఆ తర్వాత నేను టికెట్టు మాట ఎత్తలేదు.

కొండల్లో ఉన్నంతకాలం జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరికలు చూస్తూ ఉండండి. పసుపు, కాషాయం, ఎరుపు అని మూడు స్థాయిలు. పసుపు అంటే కన్నేసి ఉంచమని. కాషాయం వస్తే నేను ఆ రోజు ప్రయాణం మానేస్తాను. ఎరుపంటే అక్కడివాళ్లనే ఖాళీ చేయిస్తారు. తమిళంలోనూ వస్తాయి, మీకు చదవడం వచ్చంటే సులువు. గది తీసుకునేటప్పుడు నిట్టనిలువు గట్టు కింద ఉన్నది, గట్టు అంచున వేలాడుతున్నది రెండూ వద్దు, బాల్కనీ ఎంత ముద్దొచ్చినా సరే. గోడకు కొత్త పగుళ్లు, వంగిన విద్యుత్ స్తంభం, ఊటనీరు ఉన్నట్టుండి బురదగా మారడం, వీటిలో ఏది కనిపించినా మూట సర్దుకోండి. కొండ దారుల్లో చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి. డ్రైవరు ఆగుదామంటే ఎదురు చెప్పకండి. గుర్తుంచుకోవలసిన నంబర్లు: పోలీసు 119, అంబులెన్సు 1990, విపత్తు నిర్వహణ కేంద్రం 117, పర్యాటక పోలీసు 1912.

గదులన్నీ ముందే కట్టేసుకోకండి. మొదటి రెండు రాత్రులు, చివరి రాత్రి చాలు. జులైలో తడి వైపు గదులు ఖాళీగానే ఉంటాయి, తూర్పు తీరంలో మాత్రం అది రద్దీ కాలం కాబట్టి ట్రింకోమలీలో రెండు రోజుల ముందు ఫోను చేయండి. రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని బుకింగు ఎంత చవకైనా వానాకాలంలో ఖరీదే. వాన వచ్చినా, వాగు పొంగినా, డబ్బు కట్టేశాం కదా అని ఆ దారిలోనే పోవాలనిపిస్తుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

బస్సుల గురించి. ఎర్రవి ప్రభుత్వానివి, తక్కినవి ప్రైవేటువి. వాన మొదలైతే అన్ని కిటికీలూ మూసేస్తారు, లోపల ఆవిరి స్నానమే. ఒకసారి బదుళ్ల దారిలో ముందు అద్దం పూర్తిగా తెల్లబడిపోయింది. కండక్టరు పాత వార్తాపత్రికను ఉండలా చుట్టి డ్రైవరు ముందు ఒక పళ్లెమంత మేర తుడుస్తాడు, అర నిమిషంలో మళ్లీ మూసుకుపోతుంది, మళ్లీ తుడుస్తాడు. గంటన్నర అలాగే. డ్రైవరు ఆ పళ్లెంలోంచే లోకాన్ని చూశాడు. మీ సామాను వెనక డిక్కీలో వేయనివ్వకండి, చాలావాటిలో నీళ్లు కారతాయి. డ్రైవరు పక్కన ఇంజను మీద చోటుంటుంది, అడిగితే పెట్టనిస్తారు. బ్యాగు లోపల దళసరి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో బట్టలు సర్దండి. బ్యాగు పైన తొడిగే ముసుగు కన్నా ఇది నయం, ముసుగు గాలికి ఎగిరిపోతుంది. తడిసిన బూట్లలో రాత్రిపూట పత్రిక కాగితాలు కుక్కి ఉంచితే తెల్లారేసరికి తొడుక్కునేలా ఉంటాయి.

ఆరోగ్యం విషయంలో భయపడాల్సింది పాముల గురించీ జలగల గురించీ కాదు. దోమ. ఆ దేశం మలేరియాను పూర్తిగా తరిమేసింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. డెంగీ మాత్రం జూన్, జులైలో ఉద్ధృతంగా ఉంటుంది, కొలంబో చుట్టూ మరీను. ఆ దోమ కుట్టేది పగలు. కాబట్టి రాత్రి దోమతెరతో పని అయిపోదు, పొద్దున్నే చేతులకూ కాళ్లకూ మందు రాసుకోవాలి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. తిరిగి వచ్చాక రెండు వారాల లోపు జ్వరం వచ్చినా డాక్టరుకు శ్రీలంక వెళ్లొచ్చానని చెప్పండి. వరద నీళ్లలో, వరి మళ్లలో వట్టి కాళ్లతో నడవకండి, ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం అక్కడ మామూలే. జలగలంటారా, అవి సింహరాజ లాంటి తడి అడవుల్లో ఉంటాయి, మీ దారిలో అది లేదు. ఒకవేళ పట్టినా పీకకండి, గోటితో పక్కకు జరిపితే వదిలేస్తుంది.

అమ్మగారు శాకాహారి అన్నారు. ఇది వానకన్నా పెద్ద సమస్య. పప్పు కూర, ఇడియాప్పం, ఆప్పం ఎక్కడైనా దొరుకుతాయి. కానీ కొబ్బరి పచ్చడిలో, కొన్నిచోట్ల కూరల్లో కూడా, ఎండు చేప పొడి వేస్తారు. ఉంబలకడ అంటారు దాన్ని. అక్కడివాళ్ల లెక్కలో అది పోపు దినుసు, చేప కాదు. "చేప ఉందా" అంటే లేదనే అంటారు. "ఉంబలకడ ఎపా" అనండి, వద్దని అర్థం. ట్రింకోమలీలో శైవ భోజనశాలలు ఉంటాయి, అక్కడ తమిళంలో నిశ్చింతగా అడిగి తినవచ్చు. సిగిరియ మాత్రం అమ్మగారు ఎక్కకపోవడమే మంచిది. దాదాపు 1,200 మెట్లు, పై భాగంలో రాతికి బిగించిన ఇనుప మెట్లు, జులైలో గాలి హోరు. ఆమెను కింద తోటల్లో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లి రండి, లేదా దంబుల్ల గుహలు చూపించండి, అక్కడ మెట్లు తక్కువ.

తమిళం తూర్పున, తేయాకు తోటల్లో ఎంతో ఉపకరిస్తుంది. తెలుగు కూడా ఒకసారి వినపడింది నాకు. ఒక డిసెంబరులో అనురాధపురం జిల్లాలో వానకు దుకాణం చూరు కింద నిలబడ్డాను. పక్కన బుట్టతో ఒక పెద్దాయన, వీధిలో తడుస్తున్న పిల్లవాణ్ణి "రా, రా" అని పిలిచాడు. తర్వాతి మాటలు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. పాములాడించే వృత్తి చేసిన అహికుంటకులు వాళ్లు, ఆ జిల్లాలోని కుడాగమలో ఉంటారు, ఇంట్లో మాట్లాడేది ఒక రకం తెలుగు. నేను తెలుగులో పలకరిస్తే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, బుట్ట జరిపి, నిలబడటానికి ఇంకాస్త చోటు ఇచ్చాడు. వాన వెలిసేదాకా మా ఇద్దరికీ కలిసిన మాటలు ఓ ఇరవై ఉంటాయేమో.

చిల్లర విషయాలు. ప్రవేశ అనుమతిని ప్రభుత్వ వెబ్‌సైటులోనే తీసుకోండి, అదే పోలికతో ఉన్న ప్రైవేటువి అదనంగా గుంజుతాయి. మన యూపీఐ 2024 నుంచి అక్కడ మొదలైంది కానీ, వానకు కరెంటు పోతే ఏ యంత్రమూ పనిచేయదు. రెండు రోజులకు సరిపడా నోట్లు జిప్ కవరులో ఉంచుకోండి. ప్లగ్గు అడాప్టరు కావాలి, కొత్త భవనాల్లో చదరపు పిన్నులవి. ప్రతి పౌర్ణమికీ సెలవు, బస్సుల్లో, గుళ్లలో కిటకిట.

గొడుగా, రెయిన్‌కోటా అని అడిగారు. గొడుగే. ఆ ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుంటే వాన బయట, చెమట లోపల, తడవడం మాత్రం ఖాయం. పైగా అదే గొడుగు ట్రింకోమలీలో ఎండకు పనికొస్తుంది. ఇక్కడి నుంచి మోసుకెళ్లకండి, దంబుల్ల బజారులో దొరుకుతాయి. మా ఇంట్లో అలా కొన్నవి నాలుగున్నాయి, ఐదోది బదుళ్ల బస్సులో మర్చిపోయాను.